కడుపులో కారిన రక్తం

మా చెల్లెలికి గర్భం ట్యూబులో నిలిచి పగిలింది. రక్తమంతా కడుపులోకి కారుతోంది. పొదిలి ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఆపరేషన్ చేస్తూ ఆ రక్తాన్నే చేత్తో నడిపే చిన్న పంపుతో తోడి, వడగట్టి ఎక్కిస్తానంది. చవకైన పరికరమే, అక్కడే ఉంది.

"ఆ మైల రక్తం మళ్ళీ ఎక్కిస్తారా? ఒంగోలు నుంచి మంచి రక్తం తెప్పించండి!" అని చెల్లెలి అత్తగారు కేకలేసింది.

"దాని సొంత రక్తం అత్తయ్యా, మైలేంటి?" అని వాదించాను. మా బావ వాళ్ళమ్మ మాట దాటలేదు, ఆ రక్తం ఎక్కించడానికి సంతకం పెట్టలేదు. ఒంగోలు రక్తం వచ్చేసరికి చెల్లెలు పోయింది.

పెద్దకర్మనాడు మిరప కళ్ళం దగ్గర చెల్లెలి అత్తగారు నన్ను ఆపింది.

"అదెక్కిస్తే బతికేదా అబ్బాయ్?"

మూఢనమ్మకాల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. అయినా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"ఏమో అత్తయ్యా" అన్నాను.