యశస్విని నవ్విన పూట

హిమబిందు ఆటల టీచరు. శృంగవరపుకోట దగ్గరి పల్లెలో, చెరకు పండించే ఇంట్లో పుట్టింది. కాలేజీలో ఖోఖో బాగా ఆడేది. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక పిల్లలకు నేర్పే ఉద్యోగం చూసుకుంది. భర్త మోహనకృష్ణ ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తాడు. కాపురం గాజువాకలో. రోజూ సిటీ బస్సెక్కి జాలరిపేట పక్కనున్న చిన్న ప్రైవేటు బడికి వచ్చేది.

ఆ బడికి మైదానం లేదు. మేడ మీద నీళ్ల ట్యాంకులు, కింద స్కూటర్లు. అందుకని పిల్లల్ని వరసగా నడిపించి సముద్రపొడ్డుకు తీసుకెళ్లేది. లాగిపెట్టిన పడవల పక్కన ఇసుకలో ఆటలు. ఎవరు ముందొచ్చారన్నది ఆమె చూసేది కాదు. ఎవరెక్కడ ఆయాసపడి ఆగితే అక్కడ కాలితో ఒక గీత గీసేది. మళ్లీసారి ఆ గీత దాటితే చాలు, క్లాసు ఫస్టు వచ్చినంత హడావిడి చేసేది.

నాలుగో తరగతి యశస్విని మాత్రం ఆటల పీరియడ్ రాగానే కడుపునొప్పి అనేది. బొద్దుగా ఉంటుంది. పరిగెడితే నలుగురూ నవ్వుతారని భయం. తండ్రి ఎల్లాజీ పడవ మీద వేటకెళ్లేవాడు, నాయనమ్మ అసిరమ్మ చేపలమ్మేది.

"నొప్పి తగ్గేదాకా నాతో నడు" అని హిమబిందు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిచేది. కొన్నాళ్లకు నడక చిన్న పరుగైంది. గీత ముందుకు జరుగుతూ పోయింది.

ఒక శుక్రవారం పొద్దున యశస్విని చివరి పడవ దాకా పరిగెత్తి, దాన్ని చేత్తో తాకి, ఆగకుండా తిరిగొచ్చింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల ఇసుకలో వెల్లకిలా పడి, రొప్పుతూ, పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇంటికెళ్లగానే నాన్నకి సెప్పు" అంది హిమబిందు.

ఆ పూటే ఎల్లాజీ పడవ బోల్తా పడింది. మధ్యాహ్నం అన్నాల వేళ కబురొచ్చింది. తోటివాళ్లు ఇంకో పడవ అందుకుని బతికారు. ఎల్లాజీ దొరకలేదు. ఎంత వెతికినా శవం కూడా దొరకలేదు.

కొన్ని వారాలకు యశస్విని బడికొచ్చింది. పాఠాలు వినేది, అన్నం తినేది. ఆటలకు మాత్రం "నాను పరిగెట్టను టీచర్" అని పిల్లల బ్యాగుల దగ్గర కూర్చునేది. హిమబిందు బలవంతపెట్టలేదు.

కారణం అసిరమ్మ చెప్పింది. చేపల తట్ట పక్కన పెట్టి, బడి గేటు దగ్గర నిలబడి గొంతు తగ్గించింది.

"ఆ పొద్దు నవ్వీసినాను, అందుకే నాన్న రానేదు అంటంది టీచరమ్మా. నాను సెప్తే ఇనదు." ఇంకా దగ్గరికి జరిగి అడిగింది. "అంతలా నవ్వినాదేటమ్మా? నాను సూడనేదు."

హిమబిందు వంగి తట్ట ఎత్తి ఆమె తలకి అందించింది.

మర్నాడు యశస్విని పక్కన చతికిలబడి మెల్లగా చెప్పింది. "నవ్వితే ఎవరికీ ఏమీ అవదమ్మా. అది గాలి వల్ల, అలల వల్ల జరిగింది."

పిల్ల ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేదు. "మీరే కదా టీచర్, నవ్వించారు" అంది.

ఆ సాయంత్రం హిమబిందు ఇంట్లో అన్నం ముందు పెట్టుకుని కూర్చుండిపోయింది. "నీ తప్పేటుంది ఇందులో?" అన్నాడు మోహనకృష్ణ. "తప్పని కాదు బావా. దానికి ఏటి సెప్పాలో తెలీట్లేదు" అంది.

ఒడ్డుకు తీసుకెళ్లడం మానేసింది. ప్రిన్సిపాల్‌ని అడిగి, బడి వెనక సందులో తాడాట మొదలుపెట్టింది. ఆయాసపడే పిల్లల్ని చూసి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని ఇదివరకులా అరిచేది కాదు. తాడు ఒక కొస తను పట్టుకుని, రెండోది కిటికీ ఊచకు కట్టేది. ఓ రోజు యశస్విని లేచొచ్చి, ముడి విప్పి, ఆ కొస పట్టుకుంది. తాడు తిప్పింది. అప్పటినుంచి రోజూ తిప్పేది. ఎగరమంటే తల అడ్డంగా ఊపేది.

ఎండాకాలం సెలవులకు ముందు తల్లి ఆ పిల్లని తీసుకుని పూడిమడకలోని పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లే రోజు హిమబిందు గేటు దాకా వచ్చింది. నవ్వు వల్ల ఏమీ జరగలేదని మళ్లీ ఒకసారి చెప్పబోయింది. ఈలోపు ఆటో వచ్చింది. తల్లి తొందరపెట్టింది. యశస్విని ఎక్కి కూర్చుని, చెయ్యి ఊపింది.

బడి తెరిచాక బస్టాపు దగ్గర చేపలమ్ముతూ అసిరమ్మ కనబడితే హిమబిందు పిల్ల సంగతి అడిగింది.

"బడికెల్తంది. ఆటలకి పిలిస్తే మాత్రం రాదంట. కూకున్న కాడే కూకుంటదంట" అని అసిరమ్మ ఈగలు తోలుకుంటూ చెప్పింది.

హిమబిందు ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. గాజువాక బస్సు వచ్చింది. ఆమె లేవలేదు.