బావిలో దాచిన కొర్రమట్టలు

కొర్రమట్ట చేప పిల్లలు పుట్టినప్పుడు ఎర్రగా ఉంటాయి. గుంపుగా ఒకేచోట తిరుగుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. ఆ గుంపు మీద మావాళ్లెవరూ వల వెయ్యరు. వేస్తే గట్టు మీదే నిలబెట్టి తిడతారు. మా చెరువులో ఎవరూ తప్పని కట్టుబాటు నాకు తెలిసి అదొక్కటే.

చెరువుకు పైన ఎవరో పట్నంవాళ్లు భూమి కౌలుకు తీసుకుని, గుంతలు తవ్వి, కోళ్ల పేగులు పోసి ఆఫ్రికా మార్పులు పెంచారు. ఒక వానాకాలం గుంతల కట్టలు తెగి అవన్నీ మా చెరువులో పడ్డాయి. మార్పంటే మీసాల చేప. మాకూ ఒక మార్పుంది, చిన్నది, రుచిగా ఉంటుంది. ఇవి వేరే. నోట్లో పట్టేదల్లా మింగుతాయి. ముందు పరకల్లాంటి చిన్న చేపలు పోయాయి, తర్వాత జెల్లలు, ఆ తర్వాత కొర్రమట్టలు. మా అవ్వతో కలిసి చేపలమ్మడానికి చేవెళ్ల పోయినా, మొయినాబాద్ పోయినా ఏ గంపలో చూసినా అదే నల్ల మూతి. "కొర్రమట్ట లేదా అవ్వా?" అని అడిగినవాళ్ల మీద మా అవ్వ విరుచుకుపడేది. "ఉంటే దాసుకుంటనా? నేనేమన్న పులుసు పెట్టుకుంటున్ననా?"

తర్వాతి ఏడు చలికాలం పోయేసరికి చెరువు మోకాలి లోతుకు దిగింది. తూమెత్తి ఉన్న నీళ్లు కూడా వదిలేస్తే పీడ పోతుందని మావాళ్లంతా ఒక్కమాట మీదికొచ్చారు. మా బాపు ఒక్కడే ఒప్పుకోలేదు.

"మనయి గూడ సస్తయి గదరా!"

"ఇంకా మనయి ఏడున్నయే?" అని అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. కానీ వాళ్లు అన్నదీ అబద్ధం కాదు.

నీళ్లు పోతుంటే బాపు తుంగ మొదళ్లలో చేతులు పెట్టి వెతికాడు. చివరికి ఒక మడుగులో వేలెడంత కొర్రమట్ట పిల్లలు దొరికాయి. అబ్బ, ఆ ముసలాయన కేక! పక్కూరు ఎంకపల్లి దాకా వినపడి ఉంటుంది. బిందెల్లో పోసుకుని మా చెలకలో, మెట్ట చేలో ఉన్న బావిలో వదులుదామన్నాడు. వానలు పడి చెరువు నిండాక మళ్లీ తెచ్చి పోయాలని ఆయన ఆశ. బిందె ఎత్తబోతుంటే బురదలోంచి ఇంకో చేపపిల్లను తీసి నా ముందు పెట్టాడు.

"సూడు బిడ్డా, మన మార్పే. ఎంత సన్నగున్నదో! ఇదొక్కటన్న బతకనీ."

చూశాను. సన్నగానే ఉంది. పిల్లగా ఉన్నప్పుడు రెండు మార్పులూ ఒక్కలాగే ఉంటాయన్న సంగతి మా ఇద్దరికీ తోచలేదు. బాపు దాన్ని కూడా బిందెలో వేశాడు.

ఆ ఎండాకాలమంతా ఆయన ప్రాణం బావిలోనే ఉంది. ఎక్కడెక్కడివో రొయ్యలూ చిన్న చేపలూ తెచ్చి వేసేవాడు. బెదురుతాయని వల దించనిచ్చేవాడు కాదు. కొర్రమట్ట గాలి కోసం పైకొచ్చి గుబుక్కుమంటుంది. నీళ్లు ఆకుపచ్చగా ఉండి ఏమీ కనపడకపోయినా ఆ చప్పుడు వింటూ గట్టు మీద కూర్చునేవాడు. "ఇంటున్నవా? మట్టలే. ఫికర్ లేదు." రానురాను చప్పుడు తగ్గింది. "పెరిగినయి బిడ్డా, అడుక్కు పోయినయి," అన్నాడు. మార్పు కూడా గాలికి పైకొస్తుందని మాకు తెలీదా? చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా ఆ మిగిలిన చప్పుడు మార్పుదేమో అనడానికి నాకు నోరు రాలేదు.

వానలు పడ్డాయి. చెరువులో మోకాలి నీళ్లు చేరగానే బురదలో దాక్కున్న ఆఫ్రికా మార్పులు లేచాయి. ఎండ వాటినేమీ చెయ్యలేదు. తూమెత్తి మేం చంపుకున్నది మావాటినే. అయినా బాపు జంకలేదు. పెద్దవాటిని పట్టి పారేద్దాం, మనవి మనకున్నాయిగా అని బిందెలు కడిగించి బావికి తీసుకెళ్లాడు.

వల బరువుగా లేచింది. బాపు ముఖం వెలిగింది. పైకి లాగి గడ్డి మీద పోశాం. ఒక్కటే చేప. నా ముంజేయంత ఉంది. నల్ల మూతి, మీసాలు. కడుపు ఉబ్బి ఉంది.

బాపు దాని పక్కన కూలబడి మీసాలు పట్టుకు చూశాడు. "మనదే అనుకున్న బిడ్డా. నా చేత్తోనే ఏసిన."

నేను వల మళ్లీ వేశాను. ఖాళీ. ఇంకోసారి వేశాను. తుంగ వేళ్లు వచ్చాయి. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, దాంతోపాటు ఎవరి మీద చూపాలో తెలియని కోపం కూడా. "చాలు బాపూ, లే, ఇంటికి పోదాం," అని అరిచాను.

ఆయన లేవలేదు. కడిగిన బిందె ఒళ్లో పెట్టుకుని నీళ్ల వైపే చూస్తున్నాడు.

"జర ఆగు బిడ్డా. ఆ మూలకు ఇంకొక్కసారి ఎయ్యి."

ఆ మూల ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు. వల దులిపి, మడిచి, మళ్లీ వేశాను.