ఆయిల్ ధార ఎక్కడ పడుతుందో అమ్మ కనిపెట్టింది

మా చిన్నప్పుడు... నాన్న బండికి ఆయిల్ మార్చబోయి, పాత ఆయిలంతా వాకిట్లో ఎండుతున్న మిరపకాయల పాలు చేశాడు.

కావాలని కాదులెండి. ఆయన పక్క ఊరి బడిలో టీచరు. ఒంగోలు వెళ్లి మెకానిక్ దగ్గర కూర్చుంటే ఆదివారమంతా పోతుందని, చర్చి నుంచి రాగానే లుంగీ ఎగగట్టి స్పానర్ పట్టుకున్నాడు. ఇంజన్ అడుగున బేసిన్ పెట్టి, పక్కకి తిరిగి ఉన్న బోల్టు విప్పాడు... అంతే! నల్లటి ఆయిల్ బేసిన్ దాటి దూకింది. నాన్న కంగారుగా బేసిన్ ముందుకు జరిపాడు. ఈలోపు ధార వెనక్కి వచ్చి నేల మీద పడింది. అదంతా పారుకుంటూ పోయి మిరపకాయల పట్టా కిందికీ, పైకీ చేరింది.

ఆ కాయలు నాయనమ్మవి. నీళ్లు పెట్టిందీ, కోసిందీ, ఎండబోసిందీ ఆవిడే. పట్టా అంచున కూర్చుని, ఆయిలంటిన కాయలు ఒక్కొక్కటీ ఏరింది. గంపెడు పోయాయి.

"ఇంకెప్పుడూ ఈ వాకిట్లో బండి విప్పమాక" అని మాత్రం అంది.

ఆ తర్వాత నాన్న స్పానర్ ముట్టుకోలేదు. అన్నం దగ్గర కూడా తల్లీకొడుకుల మధ్య మాటలు తగ్గిపోయాయి...

అమ్మకి మాత్రం వేరే సందేహం పట్టుకుంది. బేసిన్ సరిగ్గా బోల్టు కిందే ఉంది కదా, ఆయిల్ అంత దూరం ఎందుకు దూకింది? దూకింది మళ్లీ వెనక్కి ఎందుకొచ్చింది?

అమ్మ చదివింది ఏడో తరగతి. ఒక మధ్యాహ్నం పాత రేకు డబ్బా తీసుకుని, అడుగుకి కాస్త పైన మేకుతో బెజ్జం పెట్టింది. నన్ను వేలితో మూసి పట్టుకోమని, నిండా నీళ్లు పోసి, వేలు తియ్యమంది. ధార దూరంగా పడింది. నీళ్లు తగ్గేకొద్దీ దగ్గరికి, ఇంకా దగ్గరికి... చివరికి డబ్బా మొదట్లోనే కారింది. పడిన చోటల్లా అమ్మ బొగ్గుతో గీత గీసింది. మళ్లీ పోసింది. ఎన్నిసార్లు పోశామో గుర్తులేదు, నా గౌను మాత్రం తడిసి ముద్దయింది.

"నిండుగా ఉన్నప్పుడు తోసుకొస్తందే. తగ్గేకొద్దీ దానికి ఊపుండదు" అంది, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

మళ్లీ ఆయిల్ మార్చే వేళకి, ఖాళీ వంటనూనె క్యాన్‌ని నిలువునా కోసి, పొడుగాటి తొట్టిలా చేసింది. నాన్న వద్దులే అన్నాడు. అమ్మ నేరుగా నాయనమ్మ దగ్గరికే వెళ్లింది.

"ఒక్కసారి చూడండి అత్తయ్యా. చుక్క కింద పడితే నన్నడగండి."

నాయనమ్మ మిరపకాయలు రెండో పట్టాతో కప్పి, పక్కనే కూర్చుంది.

నాన్న ఇంజన్‌ని రెండు నిమిషాలు తిప్పి ఆపాడు. ఆయిల్ కాస్త వేడెక్కితే పల్చబడి మొత్తం దిగుతుందట. మట్టంగా ఉన్నచోట పెద్ద స్టాండు వేసి, కింద గోనెసంచులు పరిచి, వాటి మీద తొట్టి పెట్టి, స్పానర్ అమ్మ చేతికిచ్చాడు. ఆయిల్ చెయ్యి కాలుస్తుందేమోనని, ఆఖరి చుట్లు గుడ్డ పట్టుకుని తిప్పమన్నాడు.

ధార దూకింది. తొట్టి ఆ చివరన పడింది. మెల్లగా వెనక్కి, వెనక్కి వచ్చి... ఈ చివరన చుక్కలు చుక్కలుగా ఆగింది. పిల్లలకి సైన్సు చెప్పే నాన్న, గొంతుక్కూర్చుని నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

బోల్టు బిగించి, గరాటుతో కొత్త ఆయిల్ పోశాక నాయనమ్మ లేచింది. గోనెసంచి ఎత్తి, కింద నేలని అరచేత్తో తడిమింది. చెయ్యి చూసుకుంది. తర్వాత నాన్న వైపు తిరిగింది.

"పొద్దుబోయింది. అన్నం తిందువుగాని రారా" అంది.

ఎన్నాళ్లకో ఆవిడే పిలిచి వడ్డించిన అన్నం అది...

ఇప్పుడు నేను గుంటూరులో నా స్కూటీని సర్వీసింగ్‌కి ఇస్తాను. లోపలికి రానివ్వరు. అయిపోయిందని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. బండి తళతళలాడుతుంది. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు... అడగాలని కూడా తోచడం లేదు, అదే కాస్త బాధ.

మీ ఇళ్లల్లో కూడా, ఎవరూ నేర్పకుండానే ఇలా దేన్నో కనిపెట్టిన అమ్మలు, అత్తలు ఉండే ఉంటారు... ఏం కనిపెట్టారో రాయండి, చదువుకుంటాను.