ప్రమీల ఎడమ కాలి మీది ఖతర్

ఖతర్ దేశపు పటం మొత్తం ప్రమీల ఎడమ కాలి మీద ఉంది. మోకాలి వెనక రాస్ లఫాన్, పిక్క మీద దోహా, మధ్యలో నీలం, ఎరుపు దారులు. కొత్త డ్రైవర్లు ఆ కాలు చూసుకునే బండ్లు నడిపేవారు. సరే, డ్రైవర్ల మాట కొంచెం ఎక్కువే అయింది. కానీ అల్ షహానియా ఒంటెల మైదానానికి తిరిగే మలుపు మాత్రం చీలమండ పైన అచ్చంగా ఉంది. అందులో తగ్గేది లేదు.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ప్రమీల, దోహాలోని ఫరీజ్ బిన్ మహమూద్‌లో రామకృష్ణారావు గారి టిఫిన్ హోటల్లో దోశలు పోస్తుంది. తెల్లవారకముందే పెనం ముందు నిలబడితే మధ్యాహ్నం దాకా కదలదు. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కి సలుపుతాయి. ఆ గీతలు ఏం జబ్బోనని భయపడి, హోటల్‌కి కూరగాయలు తెచ్చే గజేందర్ వ్యాన్‌లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. శుక్రవారమాయె, మోకాళ్ళ దాకా పసుపు రాసుకుని మరీ వెళ్ళింది. కామెర్లేమోనని డాక్టరమ్మ ముందు కళ్ళు చూసింది. తడిగుడ్డతో తుడిస్తే గానీ గీతలు బయటపడలేదు.

అవి చర్మం కిందే ఉబ్బిన సన్నటి రక్తనాళాలట. సాలెగూడులా అల్లుకుంటాయి గానీ ప్రాణభయం లేదట. సన్నసూదితో మందు ఎక్కిస్తే మూసుకుపోయి మెల్లగా మాయమవుతాయి. అయితే గంటల తరబడి ఇలాగే నిలబడితే కొత్తవి రావచ్చు. బిగుతు మేజోళ్ళు వేసుకో, నడువు, మధ్యమధ్య కూర్చో అంది. ప్రమీల చెవికెక్కింది ఆ చివరి మాటే.

"సారూ, నాకు ఎత్తు స్టూల్ గావాలె" అంది హోటల్లో రావు గారితో.

"ఇంజెక్షన్ ఖర్చు నేను పెట్టుకుంటానమ్మా, స్టూల్ మాటెత్తకు. మా నాన్నగారు తెనాలిలో చివరిదాకా నిలబడే పోశారు. కూర్చుని పోసిన దోశకి రుచి ఉండదు."

"నేను కూసున్నది దోశకెట్ల ఎర్కయితది సారూ?"

హోటలంతా నవ్వింది. స్టూల్ మాత్రం రాలేదు.

మరుసటి శుక్రవారం, జనం కిటకిటలాడుతుండగా, ప్రమీల గజేందర్ వ్యాన్‌లోంచి కూరగాయల ట్రేలు తెచ్చి, బోర్లించి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పెనం ముందు పట్టపురాణిలా కూర్చుంది.

"లే!" అన్నాడు రావు.

"లేస్త. లేస్తే మళ్ల రాను. సీదా జగిత్యాలకే పోత."

"పో! నేను పోయలేననుకున్నావా? మాది దోశల వంశం!"

ప్రమీల పోలేదు. ట్రేలు గోడ పక్కకు జరుపుకుని, కాళ్ళు చాపుకుని చూస్తూ కూర్చుంది. మొదటి దోశ పెనాన్ని వదల్లేదు. రెండోది పొగై లేచింది. "యల్లా సార్, యల్లా!" అని తినడానికొచ్చినవాళ్ళు తొందరపెడుతూ బల్లలు చరిచారు. ఆ రోజు మాడిన దోశలు సముద్రపు ఒడ్డు పొడవునా పరిస్తే సరిపోయేవి. పోనీ, సగం ఒడ్డుకు. మధ్యాహ్నానికి రావు గరిటె పక్కన పడేశాడు. ఎవరి మొహమూ చూడకుండా వచ్చి, ఒక ట్రే లాక్కుని కూలబడ్డాడు.

"ఎట్లున్నది సారూ, నిలవడి పోసిన దోశ?"

"మాట్లాడకు. కాస్త మంచినీళ్ళివ్వు."

శనివారం పొద్దున రెండు ఎత్తు స్టూళ్ళు వచ్చాయి. రెండోది ఎవరికో ఆయన చెప్పలేదు. ఇంజెక్షన్ సంగతి అడిగితే ప్రమీల, "గీతలు నాయి, ఉండనీ. బిగుతు సాక్సులు కొనియ్యి, సాలు" అంది.

ఇప్పుడీ కథ వినిపిస్తే, ఒక స్టూల్ మీద కూర్చుని రెండోదాని మీద కాళ్ళు పెట్టుకున్న ప్రమీల, దోశ తిరగేస్తూ కస్సుమంటుంది.

"ఎవడు జెప్పిండు? నేను డాక్టర్ మొకమే సూడలే. నా కాళ్ల మీద గీతలే లేవు. సారుకు దోశ తినుడే ఎర్క, పోసుడు ఎర్కలేదు. ఇగ స్టూలంటవా, ఏ స్టూలు? నేను పుట్టినకాడికెంచి నిలవడే ఉన్న!"