కడోదరాలో కాళ్లు కడిగిన గురువారం

మా చెల్లెలు సరోజ సూరత్‌లో కాపురం పెట్టి పద్నాలుగేళ్లయింది. ఇన్నేళ్లలో నన్ను ఒక్కసారీ రమ్మనలేదు. మొన్న ఈస్టరుకు పది రోజుల ముందు ఫోన్ చేసి, "అక్కా, పండుగకు మా తాన రా" అంది. నేను సంతోషించేలోపే, "వచ్చేటప్పుడు గాజుగుడ్డ, కత్తెర, చేతి తొడుగులు పట్టుకరా" అని కూడా అంది. నేను జగిత్యాల దగ్గర ఆరోగ్య కేంద్రంలో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైనదాన్ని. పండుగకు పిలిచేవాళ్లు మామూలుగా బట్టలు తెచ్చుకోమంటారు కాబట్టి, సంగతేమిటని అడిగాను.

సంగతి ఆమె భర్త ప్రభుదాసు కుడి కాలు. అతనికి ఆరేళ్లుగా షుగరు ఉంది. బొటనవేలి పక్కన పుండు పడి రెండు నెలలైంది. ఆస్పత్రి మాటెత్తితే లేచి బయటికి వెళ్లిపోతాడట. పెళ్లానికి కూడా కాలు చూపించడట. "నువ్వు చెప్తే ఇంటడేమో అక్కా. నేను చెప్పిన్నని మాత్రం అనకు. నిలవడి చేసే పని ఆయనది. కాలు పోతే మా బతుకు పోతది" అంది. ఆ రోజే టికెట్ తీయించాను.

సోమవారం మధ్యాహ్నం రెండింటి బస్సుకు జగిత్యాలలో బయలుదేరి, కరీంనగర్ మీదుగా ఆరున్నరకు వరంగల్ చేరాను. అహ్మదాబాద్ వెళ్లే రైలు ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది. స్లీపర్‌లో కింది బెర్తు. నా తోడుకు సరోజ ఒక మనిషిని కుదిర్చింది. పేరు లింగయ్య, ఊరు కోరుట్ల పక్కన. అక్క కూతురి పెళ్లికి వచ్చి మళ్లీ సూరత్ వెళుతున్నాడు. మా ప్రభుదాసు పనిచేసే షెడ్డులోనే సాంచెలు నడుపుతాడు. మరమగ్గాలను మావైపు సాంచెలంటారు. మెడలో ఆంజనేయుడి పేర కట్టుకున్న అంజన్న దారం, చేతిలో సర్వపిండి మూట.

"ప్రభుదాసు సారు మా షెడ్డుల అందరికి పెద్ద" అన్నాడు లింగయ్య, సర్వపిండి నా చేతిలో పెడుతూ. "ఎవ్వలకు జరమొచ్చినా ముందుగాల ఆయననే వస్తడు. నాకు పచ్చకామెర్లయితే పది దినాలు గంజి కాసిచ్చిండు."

"నువ్వు ఆయనకేమైనా చేశావా?" అని అడిగాను.

లింగయ్య మూట ముడి బిగించాడు. "చెయ్యనియ్యడమ్మా" అన్నాడు.

పొద్దున భుసావల్‌లో పోహా, టీ. పోహా వేడిగా ఉంది, టీ తీపిగా ఉంది, ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. నందుర్బార్ దాటాక ఎండ కిటికీలోంచి ఒళ్లోకి వచ్చి కూర్చుంది. సాయంత్రం నాలుగున్నరకు సూరత్‌లో దిగాం. వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట: స్టేషన్ బయట, సరోజ వాళ్లుండే కడోదరా వైపు షేర్ ఆటోలు దొరుకుతాయి. డ్రైవరు పక్కన కూర్చోమంటే కూర్చోవద్దు. నేను కూర్చున్నాను, ముప్పావుగంట సేపు ఒక కాలు గుజరాత్ గాలిలోనే ఉంది.

ఇల్లు రెండు గదులు. ప్రభుదాసు గడపలోనే ఎదురొచ్చి నా సంచి లాక్కున్నాడు. నీళ్లిచ్చాడు, ఫ్యాను నావైపు తిప్పాడు, నా చెప్పులు తీసి నీడలో పెట్టాడు. ఇవన్నీ కుంటుతూనే చేశాడు. ఏప్రిల్ ఎండలో, ఇంట్లో, కాళ్లకు నల్లటి మేజోళ్లు. దగ్గరికి రాగానే వాసన తెలిసింది. ముప్పై ఏళ్లు పీల్చిన వాసన అది, పొరపాటు పడే అవకాశం లేదు. నాకు నిజంగా భయమేసింది.

"కాలికేమైంది మరిదీ?"

"ఏం లేదు వదినా, జర బెణికింది. నువ్వు చాయ్ తాగుతవా, ముందుగాల బువ్వ తింటవా?"

ఆ సాయంత్రం, మర్నాడంతా ఇదే వరస. నేను కాలి మాటెత్తగానే అతను ఏదో ఒకటి తెచ్చిపెట్టేవాడు. మంచినీళ్లు, మామిడికాయ ముక్కలు, విసనకర్ర, ఒకసారి దిండు. సేవ చేసేవాడిని తప్పించుకోవడం కష్టమని నాకు అంతవరకు తెలియదు. మంగళవారం సాయంత్రం నుంచి బుధవారం సాయంత్రం దాకా నేను ఏడు టీలు తాగాను, కాలు మాత్రం చూడలేదు.

బుధవారం పొద్దున సరోజతో కలిసి సలాబత్‌పురా వెళ్లాను. అక్కడి వ్యాపారి దగ్గర చీరలు తెచ్చి ఇంట్లో లేసు కుట్టి ఇస్తుంది. రెండు మూటలు ఇచ్చి రెండు మూటలు తెచ్చుకున్నాం. మధ్యలో లోచో అని శనగపిండితో చేసింది తిన్నాం. ఉడికీ ఉడకనట్టు ఉంటుంది, అదే దాని గొప్పట. సరోజ తినలేదు. "రేపు గుడిల పన్నెండు మంది కాళ్లు కడుగుతడు. ఎట్ల వంగుతడో, ఎట్ల లేస్తడో" అని ప్లేటు చేతిలో పట్టుకునే ఉంది.

ఈస్టరుకు ముందు గురువారం క్రీస్తు తన శిష్యుల కాళ్లు కడిగాడని ఆ రోజు చాలా సంఘాల్లో పెద్దలు సంఘస్థుల కాళ్లు కడుగుతారు. కడోదరాలో తెలుగు సంఘం చిన్నది. ప్యాకింగ్ గోడౌన్ మీద హాలు, నలభై ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కంజీర. పాస్టరు నెలకు రెండు ఆదివారాలు మాత్రం వస్తాడు. మిగతా రోజుల్లో అన్నీ ప్రభుదాసే. ఐదేళ్లుగా కాళ్లు కడిగేదీ అతనే.

ఇబ్బంది ఏమిటంటే పన్నెండు మంది దొరకరు. పగటి పాళీ వాళ్లు రాత్రి ఎనిమిదికి గాని దిగరు. సాయంత్రం ఆరున్నరకు ఖాళీగా ఉండేది రాత్రి పాళీ మగవాళ్లే, వాళ్లు ఈసారి తొమ్మిది మంది తేలారు. ఆడవాళ్లను కూర్చోబెడితే లెక్క సరిపోతుందని నేను సలహా ఇచ్చాను. పెద్దలు నా మాట ఎంతో ప్రేమగా విని, షెడ్డులోంచి ముగ్గురు హిందువులను అడిగి తెచ్చారు. అందులో లింగయ్య ఒకడు.

"నేను అంజన్న దారం కట్టుకున్నోణ్ణి సార్. నడుస్తదా?" అని అడిగాడు.

"దారం మెడకుంది గదా. మేం కడిగేది కాళ్లు" అన్నాడు ప్రభుదాసు.

ఇక్కడ ఆ సంఘపు అలవాటొకటి చెప్పాలి. పెద్దాయన కడగబోతున్నాడని తెలిసినవాడెవడూ మురికి కాళ్లతో రాడు. హాలు వెనక కుళాయి దగ్గర పన్నెండు మందీ వరుసగా నిలబడి, బట్టల సబ్బుతో, రాయితో, ఒకడైతే గిన్నెలు తోమే పీచుతో మడమలు తోముకున్నారు. సాంచెల నూనె పగుళ్లలోంచి పోదు. పోయేదాకా వాళ్లు వదలలేదు. చివరికి చెప్పుల్లేకుండా, మునివేళ్ల మీద మెట్లెక్కి వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఆరాధనకు ముందే కాళ్లన్నీ పెళ్లికొడుకుల కాళ్లలా ఉన్నాయి.

ఆరూ నలభైకి పాట, తర్వాత ప్రార్థన. పక్క షెడ్డు సాంచెల చప్పుడు నేలలోంచి అరికాళ్లకు తెలుస్తోంది. ప్రభుదాసు నడుముకు తువాలు చుట్టుకుని, పళ్లెం, చెంబు పట్టుకుని మొదటి కుర్చీ ముందు మోకరించాడు. కాళ్లకు మేజోళ్లు అలాగే ఉన్నాయి. ఒక్కొక్కరి కాళ్లు కడగడం, తుడవడం, కుర్చీ అంచు పట్టుకుని లేవడం. లేచిన ప్రతిసారీ సరోజ నా మోచేయి నొక్కింది. తొమ్మిది మంది అయ్యేసరికి పళ్లెంలో నీళ్లు తాగేంత తేటగా ఉన్నాయి, నా మోచేయి కమిలింది.

పదో కుర్చీ లింగయ్యది. మొదట్నుంచీ చెమటలు కక్కుతున్నాడు. తనకంటే పదిహేనేళ్లు పెద్ద మనిషి తన కాళ్లు పట్టుకుంటే ఆయుష్షు తగ్గుతుందని పెరిగినవాడు. కడిగినంతసేపూ కళ్లు మూసుకున్నాడు. ప్రభుదాసు తుడిచి, కుర్చీ పట్టుకుని లేచి నిలబడగానే లింగయ్య ఇక ఆగలేకపోయాడు. కుర్చీలోంచి జారి, మనవైపు పెద్దలకు ఎలా మొక్కుతామో అలా, రెండు చేతులతో ప్రభుదాసు పాదాలు గట్టిగా పట్టుకున్నాడు.

ప్రభుదాసు కేక పెట్టాడు. లింగయ్య చేతులు తీసి చూసుకున్నాడు. కుడి అరచెయ్యి తడిగా ఉంది.

"నీళ్లు" అన్నాడు ప్రభుదాసు.

"నీళ్లు గిట్ల వాసనొస్తయా సార్?" అన్నాడు లింగయ్య. అతని గొంతులో కోపం లేదు, అడగడమే ఉంది.

నేను లేచి ముందుకెళ్లాను. "ప్రభుదాసూ, ఆ కుర్చీలో కూర్చో."

"ఇంక ఇద్దరున్నరు వదినా."

"వాళ్లెక్కడికీ పోరు. కూర్చో."

"వద్దు వదినా. నేను చేసేటోణ్ణి. నాకు ఒకలు చేసుడు వద్దు" అని వెనక్కి జరిగాడు.

అప్పుడు సరోజ లేచింది. పెళ్లయిన తర్వాత నలుగురిలో ఆమె గొంతు పెంచడం నేను చూడలేదు. "ఊరందరి కాళ్లు నీకు కావాలె. నీ కాలు మాత్రం నాకియ్యవు. రెండు నెలల సంది ముట్టనియ్యలేదు. ఇది నిన్ను నువ్వు తగ్గించుకునుడా? ఇది పొగరు!" అంది. అని ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ప్రభుదాసు కూర్చున్నాడు. కూర్చున్నాక చాలా చిన్న గొంతుతో, "షెడ్డు సేఠ్‌కు తెలిస్తే నా పది సాంచెలు ఇంకొకనికిస్తడు వదినా. గందుకే" అన్నాడు. పొగరూ ఉంది, భయమూ ఉంది. ఏది ఎక్కువో అతనికే తెలిసి ఉండదు.

వెంట తెచ్చుకున్న సంచిలోంచి తొడుగులు తీసుకుని, మేజోడు తడిపి మెల్లగా విప్పాను. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్లు రంగు మారాయి. రెండో వేలు నల్లబడిపోయింది, బొటనవేలి పక్కన రూపాయి బిళ్లంత గుంట. ముప్పై ఏళ్లలో ఇలాంటి కాళ్లు ఎన్ని కడిగానో లెక్కలేదు, అన్నీ జీతానికే. కడిగేటప్పుడు పుండునే చూసేదాన్ని, పని తొందరగా అవుతుందని. ఆ రోజు ఎందుకో తలెత్తి అతని ముఖం చూశాను. కడుగుతున్నది నేను, సిగ్గుతో చచ్చిపోతున్నది అతను. పన్నెండు మంది ముందు కుర్చీలో కూర్చోవడం అతనికి పుండు కంటే ఎక్కువ నొప్పిగా ఉంది. నాకు అతని మీదున్న కోపమంతా పోయింది.

నేను కట్టు కడుతుండగా లింగయ్య పళ్లెం తీసుకెళ్లి, కుళాయి దగ్గర శుభ్రంగా తోమి, కొత్త నీళ్లు పట్టుకొచ్చాడు. "మొదలువెట్టినంక సగంల ఆపితే మంచిగుండది" అని మిగిలిన ఇద్దరి కాళ్లూ తానే కడిగాడు. అతను సంఘస్థుడు కాదని ఎవరికీ గుర్తు రాలేదు, వచ్చినా ఎవరూ అనలేదు. ఏడున్నరకు అందరూ పాళీకి వెళ్లిపోయారు.

మర్నాడు శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి ఆటోలో ఆల్థాన్ వైపు ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరు కట్టు విప్పి చూసి, ఇన్నాళ్లు ఎక్కడున్నారని హిందీలో అడిగాడు. చర్చిలో ఉన్నాడని నేను చెప్పాను. శనివారం వేలు తీసేశారు. పాదం దక్కింది. ఇంకో వారం ఆగి ఉంటే అదీ పోయేదట. ఈస్టరు నాడు మేం వార్డులో ఉన్నాం, సరోజ డబ్బాలో కోడికూర తెచ్చింది. రోగికి పెట్టకూడదన్నారు కాబట్టి నేను తిన్నాను.

ఇక సాంచెల సంగతి. పగటి పాళీ వాళ్లలో రోజుకు ఇద్దరు దిగకుండా ఉండిపోయి, సగం రాత్రి ఒకరు, సగం రాత్రి ఒకరు ప్రభుదాసు రాత్రి పాళీ పది సాంచెలు నడిపారు. వంతులు వేసింది లింగయ్య. గురువారం ఆరాధనకు రాలేకపోయిన వాళ్లు కొందరు, ఏ ఆరాధనకూ రానివాళ్లు కొందరు. సేఠ్‌కు బట్ట ఆగలేదు కాబట్టి మనిషి మారాడని అతను పట్టించుకోలేదు. ఈ సంగతి తెలిసి ప్రభుదాసు మండిపడ్డాడు.

"నా కోసం వాళ్లు నిద్ర చెడగొట్టుకునుడేంది? వద్దని చెప్పు" అన్నాడు లింగయ్యతో.

"చెప్పిన సార్. ఇంటలేరు" అన్నాడు లింగయ్య. చెప్పలేదని అతని ముఖమే చెబుతోంది.

తొమ్మిది రోజులున్నాను. సరోజకు కట్టు మార్చడం నేర్పాను. ఆమె చెయ్యి నాకంటే మెత్తన, తొందరగానే పట్టుబడింది. పట్టుబడనిది ప్రభుదాసుకు. ఆమె పళ్లెం తేగానే కాలు దుప్పట్లోకి లాక్కునేవాడు. మూడుసార్లు బతిమాలాలి, నాలుగోసారి ఆమే దుప్పటి లాగాలి. ఆ తర్వాత గోడవైపు తిరిగి, అయ్యేదాకా ఊపిరి బిగపట్టేవాడు. నేను వెళ్లిపోయాక ఈమె దుప్పటి లాగడం మానేస్తే ఏమవుతుందన్నదే నా బెంగ. బయలుదేరే ముందు ఆ మాట అతనితో అన్నాను. "పోయిరా వదినా" అన్నాడు, గోడవైపే చూస్తూ.

తిరుగు రైలు సూరత్‌లో అర్ధరాత్రి దాటాక వస్తుంది. ఎక్కి పడుకున్నాను. భుసావల్‌లో తెల్లారింది, మళ్లీ అదే పోహా. ఎదుటి బెర్తులో ఒకావిడ, "సూరత్‌లో ఏం చూశారు?" అని అడిగింది. ఆలోచిస్తే చెప్పడానికేమీ కనిపించలేదు. నది చూడలేదు, కోట చూడలేదు, చీర కొనలేదు. ఒక హాలు, ఒక వార్డు చూశానని చెప్పాను. ఆవిడ పేపరు తీసి చదువుకోసాగింది. ముప్పై ఏళ్లు సేవ చేశానని నాకు రిటైరైన రోజున శాలువా కప్పారు. చేయించుకున్న వాళ్లకు కదా కప్పాల్సింది అని ఆ కిటికీ పక్కన కూర్చుంటే అనిపించింది.

అకోలా దాటాక, తొమ్మిదిన్నర ప్రాంతంలో సరోజ ఫోన్. కట్టు మార్చానంది. చీము లేదంది. ఇంకా ఏదో ఉందని నాకు తెలుస్తోంది, ఆమె చెప్పడం లేదు.

"దుప్పటి లాగినవా?" అని అడిగాను.

"లాగలే అక్కా. పళ్లెం తెచ్చి కింద వెట్టిన, గంతే" అంది. తర్వాత, "ఆయననే కాలు చాపిండు" అంది.