బియ్యం మూటల మీద తణికాచలం

తణికాచలం ఏ పాటనీ ఎదురుగా నిలబడి వినడు. దూరంగా పోయి వింటాడు. వీలైతే మధ్యలో ఒక గోడ కూడా ఉండేటట్టు చూసుకుంటాడు. తిరుత్తణి నేతగాళ్ళ వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆడికృత్తిక పండక్కి కావళ్ళ మేళాలు వీధిలోకి వస్తే ఊరంతా మేళం వైపు పరుగెడుతుంది, తణికాచలం మాత్రం మేళానికి వీపు చూపించి పరుగెడతాడు. మూడో సందు మలుపులో ఆగి, కళ్ళు మూసుకుని, "ఆ, ఇప్పుడు సరిగ్గా ఉండాది" అంటాడు.

ఒక్కగానొక్క కూతురు సుగంధి పెళ్ళిలోనూ ఇంతే. మేళగాళ్ళను "తూర్పు దిక్కుకు తిరిగి వాయించండి నాయనా" అని బతిమాలి కూర్చోబెట్టాడు. తాళి కట్టే వేళకు చూస్తే పెళ్ళికూతురి తండ్రి మండపంలో లేడు. మూడు ముళ్ళూ పడ్డాక, కండువాతో చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "యాడికి పోయినావు నాయనా?" అని సుగంధి కళ్ళెర్ర చేస్తే, "గట్టిమేళం బ్రహ్మాండంగా వినిపించినాది పాపా, ఏం భయంలేదు" అన్నాడు. ఎక్కడ వినిపించిందో, భయం ఎవరికో చెప్పలేదు. అయిదేళ్ళయినా సుగంధికి ఆ కోపం తీరలేదు.

అటువంటి మనిషికి ఇప్పుడు పాటల మిషను కొనిపెట్టాల్సి వచ్చింది. ఇంట్లో ఉన్న పాత టేప్‌రికార్డరు గురువారం నాడు గుర్రుమని ప్రాణం విడిచింది. ఆ రోజు నుంచి తణికాచలం మగ్గం గుంటలో దిగలేదు. నూటరెండు జ్వరంలో కూడా దిగిన మనిషి, నాలుగు రోజులుగా గుంట గట్టున కూర్చుని, రెండు చెవులూ అరచేతులతో మూసుకుని ఉన్నాడని ఎదురింటివాళ్ళు ఫోన్ చేశారు. సుగంధి అడిగితే "పాట లేకుంటే మగ్గం తొక్కుడు మీద కాళ్ళు ఆడవు పాపా" అన్నాడు. సుగంధి తిరువళ్ళూరు దగ్గర కంపెనీలో పని చేస్తుంది. సోమవారం ఒక్కరోజు సెలవు పెట్టి, ఆరువేలు చేతిలో పెట్టుకుని, తండ్రిని పొద్దున్నే బండెక్కి తిరువళ్ళూరు రమ్మంది.

కొనడం పెద్ద సంగతి కాదు. కొన్నాక జరగబోయేదే ఆమె భయం. కారణం, గోడ అవతలి ఇల్లు. ఆ ఇంట్లో ఉండేది తణికాచలం అక్క వళ్ళియమ్మ, సుగంధికి మేనత్త, తల్లి పోయిన పిల్లను ఒళ్ళో వేసుకుని పెంచిన మనిషి. తొమ్మిదేళ్ళ కిందట ఇల్లు పంచుకున్నప్పుడు, మధ్య గోడ జానెడు ఇటా అటా అన్న తగువు పెరిగి పెరిగి, వళ్ళియమ్మ వీధిలో నిలబడి కొండమీది గుడి వైపు తిరిగి కర్పూరం వెలిగించి ఒట్టు పెట్టింది. తమ్ముడి గడప దాటిన వస్తువేదీ తన ఇంట్లోకి రాకూడదు, తమ్ముడున్న పందిట్లో తను అడుగు పెట్టకూడదు. అన్నంత పనీ చేసింది. ఒకసారి తణికాచలం కోడి గోడ దిగి వళ్ళియమ్మ వాకిట్లో గుడ్డు పెడితే, కోడినీ గుడ్డునూ విడివిడిగా రెండు విడతల్లో తిప్పి పంపింది. పెంచిన పిల్ల పెళ్ళికీ రాలేదు.

రెండు నెలల కిందట వళ్ళియమ్మ స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయింది. రోజూ సాయంత్రం నాలుగుకు యువరాణి అనే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి ఆమెను నిలబెట్టి నడిపిస్తుంది. సరిగ్గా ఆ నాలుగు గంటలకే తణికాచలం టేప్‌రికార్డరు సౌండు ఆఖరిదాకా తిప్పేవాడు. నొప్పితో మూలిగే మనిషి పక్కన పాటలు! వీధి వీధంతా ఛీ అంది. సుగంధి ఒకటే నిశ్చయించుకుంది: కొంటే, గుసగుసలాడే మిషనే కొనాలి.

తిరువళ్ళూరులో గుడి తేరు నిలబెట్టే తేరడి దగ్గర అంగడిలో అరచేతిలో ఇమిడే గుండ్రటి స్పీకరు తీయించింది. "నాయనా, ఇది విను, ఎంత మెత్తగా పాడతా ఉండాదో." తిరిగి చూస్తే నాయన లేడు. షేర్ ఆటోల మధ్యలోంచి రోడ్డు దాటి, ఎదురుగా పూల అంగడి ముందు నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

"వినపళ్ళా!" అని అరిచాడు.

"ఈడికొచ్చి విను నాయనా!"

"ఈడికి వినిపించల్ల!"

అంగడివాడు సౌండు పెంచాడు. ఇంకో స్పీకరు పెట్టాడు. దానికన్నా పెద్దది పెట్టాడు. నాలుగోదానికి ట్రాఫిక్ పోలీసు విజిలు ఊదుకుంటూ వచ్చాడు. తణికాచలం రోడ్డు దాటి తిరిగొచ్చి, నాలుగింటినీ జాలిగా చూశాడు. "ఇవన్నీ గదిలోనే సచ్చిపోతాయి పాపా. తిరుత్తణికే పోదాం. నాలుగుకు ఇంటికాడ మోగల్ల."

రైలు అరక్కోణం బయట అరగంట ఆగిపోయింది. తణికాచలం కూర్చోలేదు. తలుపు దగ్గరికి పోయేవాడు, సిగ్నలు చూసేవాడు, వచ్చి కూతురి చెయ్యి తిప్పి వాచీ చూసేవాడు. మళ్ళీ పోయేవాడు.

సుగంధి ఇక ఉండబట్టలేక అడిగేసింది. "నాలుగుకే యాల నాయనా? అయిదుకు పెట్టుకుంటే పాట చేదా? నాలుగుకు అత్తకు కాలు ఆడిస్తారు. ప్రాణం పోతాదంట ఆ నొప్పికి."

"నాకు తెలుసు" అన్నాడు తణికాచలం, కిటికీ వైపు చూస్తూ.

తెలిసే చేస్తున్నాడన్నమాట! సుగంధికి ఒళ్ళు మండిపోయింది. వాచీ విప్పి సంచిలో పడేసింది.

తిరుత్తణి బజారులో కార్తికేయన్ అంగడికి చేరేసరికి మూడు కావస్తోంది. కార్తికేయన్ కుర్రవాడు, కస్టమర్ అంటే ప్రాణం పెట్టే రకం. "పెరియవరే, పెద్దాయనా, మీకు ఊఫర్ పెట్టిన హోమ్ థియేటర్ చూపిస్తా. బాస్ కొడితే గోడలు దాటిపోతాది!"

గోడ అన్న మాట వినగానే తణికాచలం ముఖం విచ్చుకుంది. "దాటుతాదా? ఉండు, చూసొస్తా" అని బయటికి పోయాడు. ఈసారి రోడ్డు దాటలేదు. పక్కనే ఉన్న బియ్యం మండీలోకి పోయాడు. రెండంగళ్ళకూ మధ్య ఒకటే గోడ. కార్తికేయన్ ఊఫర్ మోగించాడు. షోకేసులో రిమోట్లు గంతులేశాయి.

నిమిషం గడిచింది. మండీలోంచి కేక వినిపించింది. "అయ్యయ్యో, పెద్దాయన పడిపోయినాడు!"

సుగంధి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. లోపల జనం మూగి ఉన్నారు. ఒకడు సోడా కొడుతున్నాడు, ఇంకొకడు అట్టతో విసురుతున్నాడు. తణికాచలం గోడవారగా ఉన్న బియ్యం మూటల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎడమకాలి కింద పాతిక కిలోల సంచి ఒకటి ఎత్తుగా పెట్టుకున్నాడు. చేతులు గుండెల మీద ఉన్నాయి, కళ్ళు మూతపడి ఉన్నాయి.

"నాయనా!"

తణికాచలం ఒక కన్ను తెరిచాడు. "ఉష్! మాట రాలే పాపా. దడదడ మాత్రమే వస్తా ఉండాది. దడదడ ఎవురికి కావల్ల? మాట రావల్లని చెప్పు ఆ పిల్లోనికి."

సోడా కొట్టినవాడు సోడా తనే తాగేశాడు. అక్కడి నుంచి రాయబారం మొదలయింది. కార్తికేయన్ ఒక సెట్టు మోగించి మండీ గుమ్మంలోకి వచ్చి "ఎట్లుండాది పెరియవరే?" అనేవాడు. మూటల మీది నుంచి తీర్పు వచ్చేది. "ఆడమనిషి గొంతు జలుబు చేసినట్టుండాది." ఇంకోటి. "పల్లవి వచ్చినాది, చరణం గోడలోనే ఉండిపోయినాది." ఇంకోటి. మండీ యజమాని తన బేరాలు పోతున్నాయని గొణిగాడు. ఎంత గొణిగినా, సరిగ్గా వినిపిస్తోందో లేదో తనూ ఒక చెవి గోడకు ఆనించే ఉంచాడు. గడియారంలో మూడుంబావయింది.

చివరికి కార్తికేయన్ అటక మీది నుంచి చిన్న ఆంప్లిఫయరూ, చెక్కపెట్టెల్లో ఉన్న ఒక జత స్పీకర్లూ దించాడు. "ఫ్యాషన్ లేదని ఎవురూ కొనరు అక్కా. బాస్ పెద్దగా ఉండదు, గొంతు మాత్రం స్పష్టం. అయిదువేల ఎనిమిదొందలకు ఇచ్చేస్తా" అని పెన్‌డ్రైవ్ పెట్టాడు. పాత పాట మొదలయింది.

మండీలోంచి ఏ తీర్పూ రాలేదు. సుగంధి పోయి చూసింది. తణికాచలం మూటల మీద అలాగే ఉన్నాడు. ఎత్తిపెట్టిన ఎడమకాలి వేళ్ళు మాత్రం పాటకు తగ్గట్టు ఆడుతున్నాయి.

"ఇదే" అన్నాడు.

"నేను కొనను" అంది సుగంధి. జనం ఉన్నారన్న సిగ్గు కూడా పోయింది ఆమెకు. "గోడవతల మనిషిని ఏడిపించేదానికేనా ఇన్ని పరీక్షలు? నన్ను పెంచిన చేతులు నాయనా అవి. ఆ యమ్మను సతాయించేదానికి నేను మిషను కొనియ్యాల్నా?"

తణికాచలం లేచి కూర్చున్నాడు.  పంచెకంటిన బియ్యప్పొడి దులుపుకున్నాడు. "ఒక్క దినం పెట్టి చూడు పాపా. నీకు నచ్చలేదంటే రేపు నేనే మోసుకొచ్చి వాపసిచ్చేస్తా. నాలుగవతా ఉండాది, రా తల్లీ."

నాలుగు రోజులుగా గుంట గట్టున చెవులు మూసుకుని కూర్చున్న మనిషిని తలుచుకుని సుగంధి పళ్ళు కొరుక్కుంటూ డబ్బు ఇచ్చింది.

కార్తికేయన్ తనే బండిమీద పెట్టెలు తెచ్చి వైర్లు కలిపాడు. స్పీకర్లు రెండూ మగ్గం వైపు తిరిగేటట్టు అందంగా అమర్చి వెనక్కి జరిగాడు. తణికాచలం వచ్చి రెండింటినీ మొత్తంగా తిప్పేసి, మధ్యగోడకు జానెడు దూరంలో, గోడకు ముఖం పెట్టి నిలబెట్టాడు.

"పెరియవరే! స్పీకరు మొకం గోడకు పెడితే మీకేం వినిపిస్తాది?"

"నాకెందుకు?" అన్నాడు తణికాచలం. అని నాలుక కరుచుకున్నాడు.

సుగంధి ఆ మాట విన్నది. అడిగేలోపే వీధిలో యువరాణి స్కూటీ ఆగింది. అవతలి తలుపు చప్పుడయింది. కాసేపటికి గోడలోంచి "అమ్మా... ఒద్దు తల్లీ, నా చేత కాదు" అన్న మూలుగు వచ్చింది. తణికాచలం గబగబా ఆంప్లిఫయరు దగ్గర కూలబడ్డాడు. పెన్‌డ్రైవ్ రెండుసార్లు జారింది. మూడోసారి దిగింది. పాట మొదలయింది, ఆయన సౌండు తిప్పేశాడు.

సుగంధి ఇక ఆగలేదు. అత్త కాళ్ళమీద పడదామనే పక్కింటికి పరుగెత్తింది.

లోపల వళ్ళియమ్మ మంచం మధ్యగోడకు అంటించి ఉంది. తలగడ గోడవైపే ఉంది. ఎడమకాలు పెట్టుకునే చోట మడిచిన దుప్పటి ఎత్తుగా ఉంది. వళ్ళియమ్మ మాత్రం మంచం మీద లేదు. యువరాణి భుజాలు పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, పాటకు తగినట్టు ఒక్కొక్క అడుగే వేస్తోంది.

"ఇప్పుడు మాట్లాడించొద్దు అక్కా" అంది యువరాణి మెల్లగా. "నాలుగు దినాలుగా పాట లేదు, మంచం దిగనే లేదు. ఏడ్చి గోలపెట్టేస్తా ఉండె. ఈ పాట అయ్యేలోపల ఎనిమిదడుగులు కావల్ల."

ఎనిమిదీ అయ్యాక వళ్ళియమ్మ మంచం మీద కూలబడింది. చెమటలు తుడుచుకుంటూ మేనకోడలిని చూసింది. "కొత్త మిషనా?"

"అవునత్తా."

"వాడు యాడ పడుకొని విని కొన్నాడు?"

సుగంధి చూపు మంచం మీది ఎత్తు దుప్పటి మీదికి పోయింది. "బియ్యం మూటల మీద" అంది.

వళ్ళియమ్మ నవ్వింది. తొమ్మిదేళ్ళలో తమ్ముడి ప్రస్తావన వచ్చినప్పుడు ఆమె నవ్వడం సుగంధి చూడలేదు. "పిచ్చినాయాలు. నీ పెళ్ళినాడు వచ్చి నా వాకిట్లో నిలబడినాడు, గట్టిమేళం ఈడికి వస్తా ఉండాదా లేదా అని. తలుపు సందులోంచి చూసినా. తలుపు తీసింటే ఒట్టు పోయుండును, తీయలే. నీ మేళం మాత్రం మొత్తం విన్నా."

మండపానికి తూర్పున ఉన్నది అత్త ఇల్లేనని సుగంధికి అప్పుడు తట్టింది. అయిదేళ్ళ కోపం ఒక్కసారిగా ఎక్కడికి పోయిందో తెలియలేదు. 

"నేను వింటానని వానికి చెప్పొద్దు" అంది వళ్ళియమ్మ గొంతు తగ్గించి. "ఎడం పక్క పెట్టె కొంచెం మొద్దుగా ఉండాది. అదీ చెప్పొద్దు." అని చేతికర్ర తీసుకుని గోడమీద దబదబా కొట్టింది. "రేయ్ తణికా! సద్దు తగ్గించరా! చెవులు పగిలిపోతా ఉండాయి!"

అవతల పాట ఇంకో మెట్టు పైకి లేచింది. యువరాణి చెయ్యి అందించింది. వళ్ళియమ్మ గొణుక్కుంటూ మళ్ళీ లేచింది.

సుగంధి తిరిగొచ్చేసరికి తణికాచలం గుంట గట్టున గోడవైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఏమంటా ఉండాది మీ అత్త?"

"సద్దు ఎక్కువంట."

తణికాచలం ముఖమంతా వెలిగిపోయింది. "అట్లయితే మాట బాగా పోతా ఉండాది."

"మరి అత్త ఒట్టో నాయనా?"

"గడప దాటి నేనేం పంపించినా? గోడలోంచి పోతే నాదా తప్పు? అంతగా అయితే ఆ జానెడు తగువు పెట్టిన గోడనే అడగమను."

సుగంధి అత్తకు ఎడంపక్క పడే స్పీకరును రెండు వేళ్ళంత పక్కకు తిప్పింది. "అదెందుకు?" అన్నాడు తణికాచలం. "ఊరికే" అంది. తండ్రి ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి, గుంటలో దిగాడు. నాలుగు రోజుల తర్వాత మగ్గం కదిలింది.

కార్తికేయన్ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. గోడకు ముఖం పెట్టిన స్పీకర్లనూ, గోడవతలి తిట్లనూ, ఇవతల ఈలవేస్తూ నేస్తున్న ముసలాయననూ చూసి అతనికి తల తిరిగింది. "అక్కా, తిట్లు వస్తా ఉండాయే. రేపు వాపసు తెస్తారా?"

సుగంధి గోడకు చెవి ఆనించింది. పాట కింద యువరాణి గొంతు అడుగులు లెక్కపెడుతోంది, తొమ్మిది, పది.

"లేదు తమ్ముడూ" అంది, కళ్ళు మూసుకుని. "ఇప్పుడు సరిగ్గా ఉండాది."