ఆయన పేరున్న గోడ

“అన్నం తిన్నావా?”

“తిన్నానండీ. ఐసు లారీ వచ్చేసింది, చేప పాడైపోద్ది. పెట్టేస్తన్నా.”

“సరే, ముందు లారీ చూసుకో.”

ఫోనులో మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. ఆయన మిలటరీలో, సరిహద్దు మీద. నేను కొల్లేటి చెరువుల దగ్గర చేపల ప్యాకింగులో. తర్వాత జెండా కప్పిన పెట్టెలో ఆయన వచ్చారు. తెరవనివ్వలేదు. ముఖం చూడకుండానే పంపించేశాను.

ఇన్నేళ్ళకి మా మరిది నన్ను ఢిల్లీ తీసుకెళ్ళాడు. యుద్ధాల్లో పోయినవాళ్ళ పేర్లన్నీ అక్కడ రాళ్ళ మీద చెక్కారట. ముఖం ఎలాగూ లేదు, పేరైనా చేత్తో తడిమి వద్దామని ఏలూరులో రైలెక్కాను. ఆ రాయి కడగడానికి సీసాతో కొల్లేటి నీళ్ళు పట్టుకెళ్ళాను.

దొరల కాలం నాటి పెద్ద రాతి కమాను, దాని వెనక ఈ కొత్త కట్టడం. గేటు దగ్గర సీసా ఆపేశారు. “మీరు నడుస్తా ఉండండి వదినా, నేను మాట్లాడొస్తా” అని మరిది అక్కడే ఉండిపోయాడు. లోపల గుండ్రంగా గోడలు, ఒకదాని వెనక ఒకటి. రాయికో పేరు. ఎటు చూసినా రాళ్ళే. అందులో ఒక్క అక్షరం నాకు రాదు.

అక్కడ కాపలా ఉన్న సైనికుడు మన తెలుగువాడే.

“ఎవరి కోసమమ్మా?”

“మా ఇంటాయన కోసం బాబూ.”

“పేరు చెప్పండి, చూపిస్తాను.”

నోరు తెరిచాను. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని కాపరానికొచ్చిన రోజే మా అత్తగారు చెప్పింది. ఒక్కసారీ పలకలేదు.

“మాది భీమడోలు దగ్గరండీ.”

“ఊరు కాదమ్మా, పేరు.”

ఫొటో తీసి చూపించాను. అతను పాపం చాలాసేపు చూశాడు. “ఇక్కడ ముఖాలుండవమ్మా. పేర్లే.”

పోయిన మనిషికి ఇంకా తగ్గే ఆయుష్షు ఏముంది? ఆ మాత్రం నాకు తెలియదా? అయినా నాలుక లేవలేదు. ఇంతలో సాయంత్రం కవాతు వేళయిందని ఈల వేసి, అందరినీ జరిపి తాడు కట్టేశారు. మరిది వచ్చేసరికి తాడు ఇవతల నిలబడి ఉన్నాను. తెల్లారితే తిరుగు రైలు.

“చేపల కాడ ఊరందరి మీదా అరుస్తారు. ఇక్కడ ఒక్క మాట అనలేకపోయారా వదినా!”

రైల్లో బాత్రూము తలుపు వేసుకుని ఆ పేరు అన్నాను. చక్రాల చప్పుడులో నాకే వినబడలేదు. ఇంక ఈ మోకాళ్ళతో మళ్ళీ అంత దూరం వెళ్ళేది లేదు. ఏ రాయి ఆయనదో తెలియకుండానే నేనూ పోతాను.

అమ్మాయ్, మా అక్క కూతురివి, నీకు ఆ పట్టింపు లేదు. నేను చెబుతుంటే నువ్వు రాసిందంతా మొదట్నుంచీ చదివి వినిపించు. ‘ఆయన’ అని ఉన్న చోటల్లా పేరు పెట్టి చదువు. గట్టిగా చదవమ్మా, వింటాను.